గడప బయట ఎవరి ఖర్చు?

దుకాణం లోపల ఊడ్చేది దుకాణదారు. దీపం పెట్టేదీ, బల్బు మాడితే మార్చేదీ, రాత్రికి షట్టరు దించి తాళం వేసేదీ అతనే. మరి గడప దాటాక? మెట్టు కింద పారే మోరీ ఎవరిది? కొనడానికి వచ్చినవాళ్లు బండి ఎక్కడ పెట్టుకోవాలి? పెళ్లి బట్టలకని పల్లె నుంచి వచ్చి పూటంతా బజారులో తిరిగే ఆడవాళ్లకు మరుగుదొడ్డి ఎక్కడ?

అడిగితే దుకాణదారు మున్సిపాలిటీ వైపు వేలు చూపిస్తాడు. మున్సిపాలిటీ ఖజానా వైపు చూపిస్తుంది. మధ్యలో కొనేవాడు ఇంకో ఊరి బస్సెక్కుతాడు. లేదంటే ఇంట్లో కూర్చుని సెల్‌ఫోను తీస్తాడు.

ఈ చిక్కుముడిని ప్రపంచంలో చాలా ఊళ్లు ఒక పద్ధతితో విప్పుకున్నాయి. నాలుగైదు వీధులకు హద్దు గీసుకోవడం, ఆ హద్దులోని వ్యాపారులందరి నుంచీ రుసుం వసూలు చేయడం, ఆ డబ్బు ఆ వీధుల మీదే ఖర్చు పెట్టడం... ఇంతే! ఇంగ్లిష్‌లో దాన్ని ‘బిజినెస్ ఇంప్రూవ్‌మెంట్ డిస్ట్రిక్ట్’ అంటారు. డిస్ట్రిక్ట్ అన్నారు కదా అని మన జిల్లా అనుకోకూడదు. ఒక బజారంత ప్రాంతం. అది కామారెడ్డి లాంటి ఊరికి పనికొస్తుందా? వస్తే ఎవరు ఎంత కట్టాలి? కట్టిన రూపాయికి కాపలా ఎవరు?

ఊరు పెరిగింది... వీధి?

కామారెడ్డి అంటే చాలామందికి బెల్లం గుర్తొస్తుంది. హైదరాబాద్‌కు సుమారు 110 కిలోమీటర్లు. పక్కనే 44వ నంబరు జాతీయ రహదారి, ఊళ్లోనే రైల్వే స్టేషను. చుట్టుపక్కల మండలాలకు బట్టలైనా బంగారమైనా మందులైనా ఇక్కడే. 1987లో మున్సిపాలిటీ అయింది. 2016 అక్టోబరు 11న నిజామాబాద్ నుంచి విడిపోయి జిల్లా కేంద్రమయింది. కలెక్టరేటు వచ్చింది, దాంతోపాటు ఉద్యోగులూ ఆసుపత్రులూ కొత్త దుకాణాలూ వచ్చాయి. అయితే స్టేషన్ రోడ్డు, సుభాష్ రోడ్డు, సిరిసిల్ల రోడ్డు లాంటి పాత వ్యాపార వీధులు మాత్రం ఊరితోపాటు సాగలేవు కదా. అక్కడ స్థలం ఉన్నంతే. దాన్ని ఎలా వాడుకుంటారన్నదే మిగిలింది.

లింగంపేట మీదుగా వెళ్తే వచ్చే ఎల్లారెడ్డిది ఇంకో కథ. 2018లో గ్రామపంచాయతీ పోయి మున్సిపాలిటీ వచ్చింది. పేరు మారినంత తేలిగ్గా పెట్టె నిండదు. ఆస్తి పన్నూ దుకాణాల లైసెన్సు రుసుమూ వచ్చేది కొద్దిమంది నుంచే. కానీ ఊడ్చాల్సిన రోడ్డూ వెలగాల్సిన దీపాలూ పట్టణం లెక్కలోనే ఉండాలి.

ఒకప్పుడు దుకాణదారుకి పోటీ అంటే పక్క దుకాణం. ఇప్పుడు హైదరాబాద్ మాల్‌తో పోటీ, ఇంటిముందుకే పార్సిల్ తెచ్చే కంపెనీతో పోటీ. మాల్‌లో సరుకు ఒక్కటే ఉండదు. బండికి చోటుంటుంది, మరుగుదొడ్డి ఉంటుంది, అలిసిపోతే కూర్చోవడానికి బల్ల ఉంటుంది. వాటి ఖర్చు కూడా మాల్‌లోని దుకాణాలే నిర్వహణ రుసుం రూపంలో కడతాయి. బజారులోని ఏ ఒక్క దుకాణమూ ఇవన్నీ సొంతంగా ఏర్పాటు చేయలేదు. రెండొందల దుకాణాలు కలిస్తే చేయగలవు. కలవడమెలా అన్నదే అసలు కథ.

చందాకి ఆయుష్షు తక్కువ

చందాలు మనకు కొత్తకాదు. వినాయక మండపానికి బజారంతా తిరిగితే సాయంత్రానికల్లా పుస్తకం నిండుతుంది. పోలీసుల ‘నేను సైతం’ కార్యక్రమంలో నిఘా కెమెరాలకు తెలంగాణ అంతటా వ్యాపారులూ కాలనీవాసులూ డబ్బిచ్చారు. అయితే కెమెరా కొనడం ఒక్కరోజు పని. తీగ తెగితే అతికించడం, పాడైతే బాగుచేయించడం ప్రతి నెలా ఉండే పని. పండగ చందా ఏడాదికి ఒకసారి. చెత్త మాత్రం రోజూ!

పైగా చందాకి ఒక పుట్టు జబ్బు ఉంది. ఇచ్చినవాడి ముందూ ఊడుస్తారు, ఇవ్వనివాడి ముందూ ఊడుస్తారు. వీధిదీపం వెలిగితే ఇద్దరి మెట్లమీదా వెలుగు పడుతుంది. మొదటి నెల అందరూ ఇస్తారు. మూడో నెల ‘అవతలి సేటు ఇచ్చాడా?’ అన్న ప్రశ్న వస్తుంది. ఆర్నెల్లకు ఇచ్చేవాళ్లు పదిమంది మిగులుతారు. వాళ్లకూ ఓపిక పోతుంది.

కెనడాలోని టొరంటో నగరంలో బ్లూర్ వెస్ట్ విలేజ్ అనే బజారుకి సరిగ్గా ఈ జబ్బే చేసింది. 1960ల్లో అక్కడ భూగర్భ రైలు వచ్చింది. రోడ్డు మీద ట్రాములో పోతూ దుకాణాలు చూసుకునే జనం నేల కిందికి వెళ్లిపోయారు. మరోపక్క శివార్లలో పెద్ద పెద్ద మాల్స్ లేచాయి. వర్తకుల సంఘం చందాలతో వీధిని నిలబెట్టాలని చూసింది. కొందరు ఇచ్చారు, కొందరు ఇవ్వలేదు. చివరికి వర్తకులే ప్రభుత్వం దగ్గరకు వెళ్లి ‘మా అందరి మీదా రుసుం వేయండి, ఆ డబ్బు మాకే తిరిగివ్వండి’ అని అడిగారు! ఒంటారియో రాష్ట్రం చట్టం మార్చింది. 1970లో ప్రపంచంలోనే తొలి వ్యాపారాభివృద్ధి ప్రాంతం అక్కడ పుట్టింది. ఇప్పుడు ఒక్క టొరంటోలోనే అలాంటివి 80కి పైగా ఉన్నాయి. మనవాళ్లు చీరలకూ మిఠాయిలకూ వెళ్లే జెరార్డ్ ఇండియా బజారు కూడా అందులో ఒకటి.

అక్కడి ఏర్పాటు సులువుగా అర్థమవుతుంది. వీధివాళ్లు ఎన్నుకున్న మండలి ఏడాది బడ్జెట్ రాసుకుంటుంది. నగరపాలక సంస్థ ఆమోదిస్తుంది. ఆస్తి పన్నుతోపాటు ఆ రుసుమునూ నగరపాలక సంస్థే వసూలు చేసి మండలికి అప్పజెబుతుంది. వసూలుకి ఇంటింటికీ తిరగక్కర్లేదు. ఎగ్గొట్టే వీలూ ఉండదు.

గంజ్‌లో ఎప్పుడో ఉంది

ఇదంతా విదేశీ సంగతి అనుకుంటే పొరపాటే. ధాన్యం, పసుపు, బెల్లం అమ్మే చోట ఈ సూత్రం మనకు ఎన్నో ఏళ్లుగా అలవాటే. నిజాం కాలంలో, 1930 ప్రాంతంలోనే హైదరాబాద్ సంస్థానానికి వ్యవసాయ మార్కెట్ల చట్టం వచ్చింది. ఆ తరువాత 1966లో ఆంధ్రప్రదేశ్ మొత్తానికీ ఒకే మార్కెట్ల చట్టం చేశారు. కొన్న వ్యాపారి సరుకు విలువలో ఇంత అని మార్కెట్ ఫీజు కడతాడు. ఆ డబ్బుతో యార్డులో షెడ్లు, ప్లాట్‌ఫాంలు, కాంటాలు, రైతుకి తాగునీరు, విశ్రాంతి గది ఏర్పాటు చేయాలి. వ్యాపారి కట్టిన రుసుం వ్యాపారం జరిగే చోటికే తిరిగి రావడం... బజారు రుసుం వెనకున్న ఆలోచనా ఇదే.

దానిమీద కోర్టు గొడవలూ జరిగాయి. పన్నుకీ ఫీజుకీ తేడా ఉంది. పన్ను ప్రభుత్వ ఖజానాలో కలిసిపోతుంది. ఫీజు మాత్రం ఏ సేవ కోసం తీసుకున్నారో దానికి ముడిపడి ఉండాలి. పంజాబ్, హర్యానా వ్యాపారుల కేసులో 1979లో సుప్రీంకోర్టు ఈ ముడిని గట్టిగా బిగించింది. ఫీజు డబ్బులో ఎక్కువ భాగం కట్టినవాళ్లకు చేసే సేవలకే ఖర్చవాలంది. తరువాత ఆంధ్రప్రదేశ్‌లో మార్కెట్ ఫీజును వంద రూపాయలకు 50 పైసల నుంచి రూపాయికి పెంచినప్పుడు వ్యాపారులు సుప్రీంకోర్టుకి వెళ్లారు. 1983లో తీర్పు వాళ్లకు వ్యతిరేకంగా వచ్చింది. పైసకు పైస లెక్క సరిపోవాల్సిన పనిలేదు, మొత్తమ్మీద వసూలుకీ సేవకీ పొంతన ఉంటే చాలన్నది దాని సారాంశం.

వ్యాపారులు ఓడిపోయారు కానీ వాళ్లు వేసిన ప్రశ్న ఓడిపోలేదు. ‘మా రూపాయి మా దగ్గరికి వస్తోందా?’ అన్న ఆ ప్రశ్నే ఇలాంటి ఏ పథకానికైనా ప్రాణం.

పరిశ్రమల దగ్గరా ఇలాంటిదే ఉంది. జీడిమెట్ల, పటాన్‌చెరు లాంటి పారిశ్రామికవాడల్లో ఆస్తి పన్ను వసూలు చేసే అధికారాన్ని స్థానిక సంస్థల నుంచి పారిశ్రామిక మౌలిక వసతుల సంస్థకు బదలాయించారు. వసూలైన ఆస్తి పన్నులో 35 శాతం స్థానిక సంస్థకు పోతుంది. మిగతా 65 శాతం ఆ వాడలోనే రోడ్లకూ దీపాలకూ కాల్వలకూ వాడాలి. ఇక సైబరాబాద్‌లో 2006లో పోలీసులూ ఐటీ కంపెనీలూ కలిసి ఒక భద్రతా మండలిని పెట్టుకున్నాయి. ట్రాఫిక్ మార్షల్స్, మహిళా ఉద్యోగులకు షటిల్ బస్సులు దాని పుణ్యమే. అక్కడ కట్టేవి పెద్ద కంపెనీలు కాబట్టి స్వచ్ఛందంగానే నడుస్తోంది. గంజ్‌కి ఉంది, ఫ్యాక్టరీకి ఉంది, ఐటీకి ఉంది. లేనిదల్లా కిరాణా దుకాణం, చెప్పుల దుకాణం, మందుల దుకాణం ఉన్న వీధికే!

రోజుకి అయిదు రూపాయలు

ఒక లెక్క వేసి చూద్దాం. ఇది ఏ బజారు జమాఖర్చులూ కాదు, ఊహించుకున్న ఉదాహరణ మాత్రమే. ఒక వీధిలో 200 దుకాణాలున్నాయి. అందులో 140 చిన్నవి, 45 ఓ మోస్తరువి, 15 పెద్ద షోరూములు. అందరికీ ఒకే రుసుమంటే పాన్ డబ్బా, బంగారం షోరూము ఒకటే అన్నట్టు. అందుకని చిన్నదానికి రోజుకి 5, మధ్యరకానికి 15, పెద్దదానికి 50 రూపాయలు వేద్దాం.

చిన్నవాళ్ల నుంచి 700, మధ్యవాళ్ల నుంచి 675, పెద్దవాళ్ల నుంచి 750. మొత్తం రోజుకి 2,125 రూపాయలు. నెలకు 63,750. మనిషికి 13 వేల చొప్పున నలుగురిని పెట్టుకుంటే జీతాలకు 52 వేలు. సాయంత్రం రద్దీ తగ్గాక ఊడ్చేవాళ్లు ఇద్దరు, బండ్లు వరసలో పెట్టించేవాళ్లు ఒకరు, రాత్రి కాపలాకి ఒకరు. మిగిలిన 11,750 మరుగుదొడ్డి శుభ్రతకూ బల్బులకూ కెమెరాల మరమ్మతులకూ. చిన్న దుకాణదారుకి పడేది సగం చాయి ఖర్చు!

ఈ లెక్కలోనే ఒక హెచ్చరిక కూడా ఉంది. మూడు వర్గాలూ తలా దాదాపు మూడో వంతు మోస్తున్నాయి. స్వచ్ఛంద చందా పద్ధతిలో పదిహేనుగురు పెద్దవాళ్లు చేతులెత్తేస్తే మూడో వంతు ఆదాయం పోతుంది. వాళ్లే మొత్తం మోస్తే పెత్తనమూ వాళ్లదే అవుతుంది. రెండూ ప్రమాదమే.

రెండు తక్కెళ్ల ఓటు

ఇంగ్లండ్‌లో దీనికి ఒక మంచి ఉపాయం ఉంది. అక్కడ 2003లో చట్టం చేశారు, 2005 నుంచి ఇలాంటి ప్రాంతాలు మొదలయ్యాయి. ముందు ఓటింగ్ జరగాలి. ఓటేసినవాళ్లలో తలల లెక్కన సగానికి పైగా ‘సరే’ అనాలి. ఆస్తి విలువ లెక్కన కూడా సగానికి పైగా ‘సరే’ అనాలి. రెండు తక్కెళ్లూ ఒప్పుకుంటేనే రుసుం. మన ఉదాహరణకి పెట్టి చూస్తే చిన్నవాళ్లు 140 మంది కలిసి పెద్దవాళ్ల నెత్తిన భారం రుద్దలేరు. డబ్బు ఎక్కువ కడుతున్నామని మిగతా 60 మంది కలిసి చిన్నవాళ్లను తోసేయలేరు. అదీ అయిదేళ్లకే. ఆపైన కొనసాగాలంటే మళ్లీ ఓటే!

అడగకుండా చేస్తే ఏమవుతుందో కామారెడ్డికి ఎవరూ చెప్పనక్కర్లేదు. పట్టణ మాస్టర్ ప్లాన్ ముసాయిదాలో తమ పొలాలను పారిశ్రామిక జోన్‌లో చూపారని అడ్లూర్ ఎల్లారెడ్డి సహా చుట్టుపక్కల గ్రామాల రైతులు 2023 జనవరిలో రోడ్డెక్కారు. చివరికి ఆ నెల 20న మున్సిపల్ పాలకవర్గం ముసాయిదా వద్దని తీర్మానం చేయాల్సి వచ్చింది. కాగితం మీద గీత గీయడం తేలిక. గీత లోపలున్నవాళ్లను ముందే కూర్చోబెట్టి మాట్లాడటమే కష్టం. ఆ కష్టం ముందు పడకపోతే తరువాత పడాలి.

ఇంకో పేచీ కూడా వస్తుంది. మల్గీ ఒకరిది, వ్యాపారం ఇంకొకరిది. రుసుం ఎవరు కట్టాలి? టొరంటోలో యజమాని మీద వేస్తారు, అతడు కిరాయిలో కలిపేస్తాడు. ఇంగ్లండ్‌లో దుకాణం నడిపేవాళ్ల మీదే వేస్తారు. మన దగ్గర కిరాయిదారు రుసుం కట్టి వీధిని బాగుచేస్తే, వీధి బాగుపడిందని యజమాని కిరాయి పెంచే ప్రమాదం ఉంది. కాబట్టి ఇద్దరి మధ్యా వాటా ముందే రాసుకోవడం మేలు.

బండివాళ్ల మాటేమిటి?

వీధి అంటే షట్టర్లు ఒక్కటే కాదు. పూలమ్మే ఆమె, మక్క కంకులు కాల్చే అతను, తోపుడు బండి మీద పండ్లు పెట్టుకునేవాళ్లు కూడా. బజారుని బాగుచేస్తామనగానే మొదట కనిపించకుండా పోయేది వాళ్లే. న్యూయార్క్‌లో 70కి పైగా ఇలాంటి ప్రాంతాలున్నాయి. ఫుట్‌పాత్ ఎవరిదన్న విషయంలో వాటికీ వీధి వ్యాపారులకూ తగాదాలు కొత్త కాదు. డబ్బు కట్టినవాళ్లకే వీధిలో మాట ఉంటుందన్న పద్ధతి వస్తే కట్టలేనివాళ్లు పరాయివాళ్లవుతారు.

మన దేశంలో వాళ్లకు 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం అండగా ఉంది. సర్వే చేయకుండా, చోటు చూపించకుండా వాళ్లను లేపేయడానికి వీల్లేదు. పట్టణ విక్రయ కమిటీలో కనీసం 40 శాతం వీధి వ్యాపారులే ఎన్నికై ఉండాలి, అందులో మూడో వంతు మహిళలు. బజారు మండలి ఏదైనా పెడితే ఈ కమిటీని పక్కన కూర్చోబెట్టుకునే పెట్టాలి.

బండివాళ్లకు రుసుమంటే భయం ఉండటం సహజం. తైబజారు పేరుతో వాళ్లు ఏళ్లతరబడి కట్టారు. వేలంపాటలో హక్కు దక్కించుకున్న గుత్తేదారు మనిషి పొద్దున్నే వచ్చి చీటీ చింపి ఇచ్చేవాడు. కూర్చున్న చోటికి నీడగానీ, నీళ్లుగానీ వచ్చాయా అంటే సమాధానం కష్టం. వసూలు చేసేవాడికీ ఖర్చు చేసేవాడికీ సంబంధం లేకపోతే రుసుం పీడ అవుతుంది.

ఎల్లారెడ్డికి ఎంత కొలత?

పెద్ద ఊరి చొక్కా చిన్న ఊరికి తొడిగితే వదులవుతుంది. దుకాణాలు తక్కువున్న చోట నలుగురి జీతాలు మోయాలంటే ఒక్కో దుకాణం మీద భారం పెరుగుతుంది. ఎల్లారెడ్డి లాంటి చోట మండలి, కార్యదర్శి, ఆఫీసు అంటూ పోతే రుసుమంతా వాటికే సరి. అక్కడ ఒకటి రెండు పనులు పెట్టుకోవడం మంచిది. ఆడవాళ్లకు శుభ్రంగా ఉండే ఒక మరుగుదొడ్డి, సాయంత్రం ఒక విడత ఊడ్పు. లెక్క రాయడం మున్సిపాలిటీలోనే ఒక ప్రత్యేక ఖాతాలో చేస్తే ఆఫీసు ఖర్చు మిగులుతుంది.

‘జీఎస్టీ కడుతున్నాం, ఆస్తి పన్ను కడుతున్నాం, లైసెన్సు ఫీజు కడుతున్నాం. మళ్లీ ఇదొకటా?’ ఏ ఊళ్లోనైనా మొదట వచ్చే మాట ఇదే. న్యాయమైన మాట కూడా. అందుకే ఇంగ్లండ్‌లో ముందుగా ఒక ఒప్పందం రాసుకుంటారు. స్థానిక సంస్థ ఇప్పటికే చేస్తున్న పనులు ఇవీ, వాటిని తగ్గించకూడదు, రుసుంతో చేసేవి వాటికి అదనం అని. ఆ కాగితం లేకపోతే ‘మీ వీధిని మీరే ఊడ్చుకుంటున్నారుగా’ అని మున్సిపాలిటీ తన చీపురు వెనక్కి తీసుకుంటుంది.

రుసుంతో కాని పనులూ ఉన్నాయి. 2025 ఆగస్టు చివర్లో కురిసిన కుండపోతకు కామారెడ్డిలో కాలనీలు నీట మునిగాయి, రోడ్లూ రైలు పట్టాలూ కోతకు గురయ్యాయి. వాన నీరు పోయే కాల్వలు, చెరువుల అలుగులు, వంతెనలు... ఇవి రోజుకి అయిదు రూపాయలతో తేలేవి కావు. అవి ప్రభుత్వం బాధ్యత. మోరీ మీద మెట్టు కట్టి నీటికి అడ్డుపడకుండా చూసుకోవడం మాత్రం బజారు బాధ్యత. రెండింటినీ కలిపేయకూడదు.

చట్టం లేకుండా ఎంత దూరం?

రాజ్యాంగంలోని 265వ అధికరణం ప్రకారం చట్టం అనుమతి లేకుండా ఎవరి మీదా పన్ను వేయడానికి వీల్లేదు. కాబట్టి వర్తకుల సంఘం తీర్మానం చేసినంత మాత్రాన ఇష్టంలేని దుకాణదారు నుంచి రూపాయి వసూలు చేయలేదు. తప్పనిసరి రుసుం కావాలంటే రాష్ట్ర ప్రభుత్వం చట్టంలో దారి చూపాలి. మార్కెట్ ఫీజుకీ పారిశ్రామికవాడలకూ చూపించినట్టే.

అప్పటిదాకా చేతులు ముడుచుకుని కూర్చోనక్కర్లేదు. ఒక వీధివాళ్లు సొసైటీగా రిజిస్టరు చేసుకుని, ఏడాదిపాటు స్వచ్ఛందంగా నడిపి చూడొచ్చు. ఒక్క వీధి, రెండే పనులు. సొసైటీలో చిన్న దుకాణాలకు సగం కుర్చీలు. బండివాళ్ల తరఫున ఇద్దరు. నెల నెలా ఆ వీధి చౌరస్తాలో ఒక బోర్డు. ఎంత వచ్చింది, ఎవరు ఇవ్వలేదు, దేనికెంత పోయింది... అన్నీ తెలుగులో, పెద్ద అక్షరాలతో, సంతకం పెట్టి.

ఏడాది గడిచాక ఆ బోర్డు చూసి పక్క వీధివాళ్లు ‘మాకూ కావాలి’ అంటే అప్పుడు చట్టం అడగడానికి ఒక రుజువు దొరికినట్టు. ఎవరూ అడగకపోతే, చట్టం వచ్చినా అది ఇంకో చీటీయే అవుతుంది. రుసుం ఎంతన్నది రెండో ప్రశ్న. వసూలు చేసినవాళ్లను నిలబెట్టి లెక్క అడిగే హక్కు పాన్ డబ్బా యజమానికి ఉందా అన్నదే మొదటి ప్రశ్న. దానికి ‘ఉంది’ అనగలిగిన వీధిలో అయిదు రూపాయలు ఎవరికీ బరువు కావు.